శుక్రవారం జోస్యం... ఆదివారం భాగోతం!

శుక్రవారం మార్నింగ్ షో వదిలే వేళకి ఏ థియేటర్ ముందు నిలబడినా వినిపించే మొదటి మాట ఒక్కటే - "గురూ, టాక్ ఏంటి?"

లోపలికి వెళ్ళబోయేవాడు అడుగుతాడు. బయటికొచ్చినవాడు కాలరెగరేసి చెబుతాడు. "వంద రోజులు, రాసిపెట్టుకో!" లేదా, "రెండో వారం డౌటే!" సినిమా చూడ్డానికి రెండున్నర గంటలు. దాని జాతకం చెప్పడానికి రెండే సెకన్లు!

ఆ కాలరెగరేసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. పైగా నాకది కూడు పెట్టే పని. ప్రివ్యూ చూడ్డం, బయటికొచ్చి నలుగురి మధ్యా నిలబడి హిట్టో ఫట్టో తేల్చి చెప్పడం, అదే మాట పత్రికలకి రాసివ్వడం. పదింటిలో ఆరేడు నిజమయ్యేవి. తప్పిన మూడూ ఎవరికీ గుర్తుండేవి కావు... నాక్కూడా!

అలాంటి నా గర్వం అణిగింది మెల్‌బోర్న్‌లో. అణచింది ఏ నిర్మాతో, ఏ అభిమాన సంఘమో కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే ఒక తోలుబంతి!

అన్నయ్య ఇచ్చిన కాగితం

2016 సెప్టెంబరు. మా పెద్దమ్మగారబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. నెల్లాళ్ళు ఉండిపొమ్మంటే వెళ్ళాను. ఊరికి పడమటి పేటల్లో - వెరిబీ, టార్నీట్, పాయింట్ కుక్ ప్రాంతాల్లో - మనవాళ్ళు బాగా స్థిరపడ్డారు. అన్నయ్య ఇల్లూ అటే.

దిగిన రెండో రోజు సాయంత్రం ఆఫీసు నించి వస్తూ ఓ కాగితం నా ముందు పడేశాడు. "ఒరేయ్, నువ్వు పెద్ద జోస్యుడివి కదా. ఇది నింపు చూద్దాం."

కాగితం మీద నాలుగు ఆటలు, ఎనిమిది జట్ల పేర్లు. ప్రతి ఆటలోనూ గెలిచే జట్టు పక్కన టిక్కు పెట్టాలి. ఆస్ట్రేలియాలో దీన్ని 'టిప్పింగ్' అంటారు. ఆఫీసుల్లో, బళ్ళలో, హోటళ్ళలో, ఇళ్ళలో - వారం వారం జరిగే తంతు. మెల్‌బోర్న్ పత్రికలు తమ నిపుణుల జోస్యాలన్నీ పట్టిక వేసి మరీ అచ్చేస్తాయి. ఎవరెన్ని తప్పారో లెక్క కూడా పక్కనే! మన సినిమా పత్రికల్లో ఆ పట్టిక వేస్తే నాబోటివాళ్ళు మొహం ఎక్కడ పెట్టుకోవాలి చెప్పండి?

అన్నయ్య ఆఫీసులో పందెం డబ్బు లేదు. గెలిచినవాడికి చాక్లెట్ల డబ్బా. ఓడినవాడు వారం రోజులు అందరికీ టీ పెట్టాలి. ఆడేది ఇంటి దగ్గరున్న నేనైనా, ఓడితే టీ పెట్టాల్సింది అన్నయ్య. అందుకే నామీద అంత నమ్మకం పెట్టుకున్నాడు పాపం!

ఆట ఏమిటంటే...

ఫుట్‌బాల్ అనగానే మనకి గుండ్రటి బంతి, గోలీ గుర్తొస్తారు. ఇది అది కాదు. గుడ్డు ఆకారపు బంతి. మైదానం కూడా క్రికెట్ మైదానంలా కోలగా ఉంటుంది. జట్టుకి 18 మంది. బంతిని కాలితో తన్నొచ్చు, పిడికిలితో గుద్ది పక్కవాడికి అందించొచ్చు. విసరడం మాత్రం కూడదు. తోటివాడు తన్నిన బంతిని గాల్లోకెగిరి పట్టుకోవడం ఈ ఆటకి అందం. ఎదుటివాడి భుజాలమీద మోకాళ్ళు ఆనించి ఎగిరేవాళ్ళని చూస్తే మన ఫైట్ మాస్టర్లు కూడా చప్పట్లు కొడతారు... తాడు కట్టకుండానే ఎగురుతున్నారు మరి!

రెండు కొసల్లోనూ నాలుగేసి గుంజలు. నడిమి రెండు గుంజల మధ్య నించి తన్నితే గోల్ - 6 పాయింట్లు. పక్క గుంజల మధ్య నించి పోతే ఒక్క పాయింటు. దాన్ని 'బిహైండ్' అంటారు. తెల్లకోటు... క్షమించండి, ఆ కోటు ఇప్పుడు లేదు - గోల్ అంపైరు రెండు జెండాలూపితే ఆరు, ఒక్కటూపితే ఒకటి. ఆట నాలుగు భాగాలు. ఒక్కో భాగం 20 నిమిషాలు, పైన ఆగిన సమయం కలుపుతారు. సైరన్ మోగితే శుభం కార్డు.

1897లో ఎనిమిది జట్లతో విక్టోరియా రాష్ట్రపు లీగ్‌గా మొదలైన పోటీ, 1990లో ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ అని పేరు మార్చుకుంది. 2012 నించి జట్లు 18. అంటే మామూలు వారాంతంలో తొమ్మిది ఆటలు. అప్పట్లో అందరూ ఆడగా మొదటి ఎనిమిది జట్లు సెప్టెంబరులో ఫైనల్స్‌కి వచ్చేవి. నా చేతికొచ్చింది ఆ ఫైనల్స్ మొదటి వారం కాగితం. ఆటలు నాలుగే కదా, తొమ్మిదింటికంటే తేలిక అనుకున్నాను.

అక్కడే ఉంది తిరకాసు. మామూలు వారాల్లో మొదటి స్థానంవాడు ఆఖరి స్థానంవాడితో ఆడతాడు, టిక్కు పెట్టడం తేలిక. ఫైనల్స్‌లో అందరూ బలవంతులే!

నా నాలుగు టిక్కులు

ఆ రాత్రి అన్నయ్యని కూచోబెట్టి వివరాలన్నీ పీకాను. జోస్యం చెప్పేవాళ్ళు చూసేవి ఇవీ: పట్టికలో ఎవరెక్కడున్నారు? ఎవరి సొంతగడ్డ మీద ఆట? రెండో జట్టు ఎంత దూరం నించి వస్తోంది? ఎవరికి గాయాలు? వాన పడుతుందా? వాన పడితే బంతి జారుతుంది, స్కోర్లు తగ్గుతాయి, అప్పుడు చిన్న జట్టుకీ ఆశ ఉంటుంది. సినిమాకి మనం బ్యానరు, హీరో, సంగీతం, పోటీ చిత్రాలు, పరీక్షల సీజను చూసినట్టే సుమండీ!

మొదటి ఆట, గురువారం రాత్రి: వెస్ట్ కోస్ట్ ఈగిల్స్, వెస్టర్న్ బుల్‌డాగ్స్. వెస్ట్ కోస్ట్‌ది ఆరో స్థానం, బుల్‌డాగ్స్‌ది ఏడు. ఆట పెర్త్‌లో, వెస్ట్ కోస్ట్ సొంతగడ్డ మీద. బుల్‌డాగ్స్ దాదాపు 2,700 కిలోమీటర్లు ప్రయాణించి రావాలి. అదీగాక లీగ్ ఆఖరి వారంలో అదే పెర్త్‌లో మరో జట్టు చేతిలో ఓడి వచ్చారు. ఇంకేం ఆలోచించాలి? వెస్ట్ కోస్ట్‌కి టిక్కు.

రెండోది, శుక్రవారం: జీలాంగ్, హాథార్న్. రెండు, మూడు స్థానాలు. హాథార్న్ అప్పటికి వరసగా మూడేళ్ళు - 2013, 14, 15 - కప్పు గెలిచిన జట్టు. కాని వయసు మీదపడుతున్న హీరోలా అనిపించింది. జీలాంగ్‌కి టిక్కు.

మూడోది, శనివారం: సిడ్నీ స్వాన్స్, గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ జెయింట్స్. సిడ్నీ పట్టికలో మొదటిది. జెయింట్స్ పుట్టి అయిదేళ్ళే, ఫైనల్స్‌లో ఆడ్డం అదే మొదలు. కొత్త హీరోతో అగ్రహీరోకి పోటీ! సిడ్నీకి టిక్కు.

నాలుగోది, శనివారం రాత్రి: అడిలైడ్, నార్త్ మెల్‌బోర్న్. సొంతగడ్డ మీద అడిలైడ్. టిక్కు.

"నాలుగుకి నాలుగు. చాక్లెట్లు రెడీ చేసుకోమను," అన్నాను. మనకి కాలరెగరెయ్యడం అలవాటే కదా!

ఢమాల్!

గురువారం రాత్రి బుల్‌డాగ్స్ 99, వెస్ట్ కోస్ట్ 52. నలభై ఏడు పాయింట్ల తేడా! సొంతగడ్డ మీద, సొంత జనం ముందు వెస్ట్ కోస్ట్ తేలిపోయింది.

తీరా విచారిస్తే రెండు సంగతులు నేను పట్టించుకోలేదు. వెస్ట్ కోస్ట్ ప్రధాన ఆటగాడు నిక్ నాటనూయి మోకాలి గాయంతో అంతకు కొద్దివారాల ముందే పక్కకి తప్పుకున్నాడు. అంటే హీరో లేని సినిమాకి పోస్టరు చూసి జోస్యం చెప్పానన్నమాట! రెండోది, ఫైనల్స్ ముందు అన్ని జట్లకీ ఒక వారం సెలవివ్వడం ఆ సంవత్సరమే మొదలైంది. గాయాలతో కుంటుతున్న బుల్‌డాగ్స్‌కి ఆ వారం అమృతమైంది.

శుక్రవారం నా జీలాంగ్ గెలిచింది. 85 - 83. ఆ గెలుపు ఎలాంటిదో చెప్పాలి. సైరన్ మోగేసరికి బంతి హాథార్న్ ఆటగాడు ఐజక్ స్మిత్ చేతిలో ఉంది. రూలు ప్రకారం అతనికి ఒక్క తన్ను మిగిలింది. గోల్ పడితే హాథార్న్ గెలుపు, తప్పితే జీలాంగ్ గెలుపు. మైదానమంతా ఊపిరి బిగబట్టింది. తన్నాడు... బంతి పక్కకి పోయింది!

నేను సోఫా మీంచి లేచి గెంతాను. "చెప్పానా!" అని అరిచాను. అన్నయ్య చల్లగా అన్నాడు: "నువ్వు చెప్పిందేముంది రా? వాడి కాలు అంగుళం తేడాగా తగిలింది. బాగా తగిలుంటే నువ్వు తప్పు, ఇప్పుడు నువ్వు రైటు. నీ తెలివి రెండుసార్లూ ఒకటేగా?"

ఆ మాట అప్పుడు చురుక్కుమంది. ఇప్పటికీ మర్చిపోలేదు.

శనివారం పట్టికలో మొదటి జట్టు సిడ్నీ, కొత్త కుర్రాళ్ళ చేతిలో 36 పాయింట్ల తేడాతో ఓడింది. రాత్రి అడిలైడ్ 62 పాయింట్లతో గెలిచి నా పరువు కాస్త నిలబెట్టింది. నాలుగింటికి రెండు. బొమ్మా బొరుసూ వేసినా అన్నే వచ్చేవి!

గుండెతో టిక్కు పెట్టిన ఆవిడ

అన్నయ్య ఆఫీసులో మూడు సరిగ్గా చెప్పి గెలిచింది ఎవరంటే, లెక్కలు చూసే ఒకావిడ. అరవైకి దగ్గరపడ్డ మనిషి. పుట్టి పెరిగింది పడమటి పేట ఫుట్‌స్క్రేలో. అది బుల్‌డాగ్స్ సొంతపేట. ఒక ఆదివారం అన్నయ్య ఇంటికి టీకి వచ్చింది.

"మీరు ఏ లెక్కన బుల్‌డాగ్స్‌కి పెట్టారు?" అనడిగాను.

"లెక్కేముంది బాబూ? ఎప్పుడూ వాళ్ళకే పెడతాను. ఓడతారని తెలిసినా పెడతాను," అంది.

1989లో ఆ క్లబ్బు అప్పుల్లో మునిగింది. మరో క్లబ్బుతో కలిపేసి పేరు లేకుండా చేద్దామని పెద్దలు నిర్ణయించారు. పేటజనం ఒప్పుకోలేదు. డబ్బాలు పట్టుకుని వీధివీధీ తిరిగి చందాలు పోగుచేసి క్లబ్బుని నిలబెట్టుకున్నారు. డబ్బా పట్టుకున్నవాళ్ళలో ఈవిడా ఉంది. అలా నిలబెట్టుకున్న జట్టు కప్పు గెలిచింది అప్పటికి ఒక్కసారే, 1954లో! ఆ తరవాత 62 ఏళ్ళు ఎదురుచూపే.

సినిమా ప్రియులకి ఒక ముక్క. ఈ జట్టు 1996లో పడ్డ పాట్లమీద 'ఇయర్ ఆఫ్ ది డాగ్స్' అనే డాక్యుమెంటరీ 1997లో వచ్చింది. క్లబ్బుల తెరవెనక రాజకీయాలు చూడాలంటే బ్రూస్ బెరెస్‌ఫర్డ్ తీసిన 'ది క్లబ్' (1980) ఉంది, డేవిడ్ విలియమ్సన్ నాటకం ఆధారంగా. మన స్టూడియో రాజకీయాలు ఏపాటి అనిపిస్తుంది!

మోనాష్ వారి త్రాసు

అదే ఆఫీసులో మోనాష్ యూనివర్సిటీలో చదివిన కుర్రాడొకడు నా సంగతి విని నవ్వి, ఒక కిటుకు చెప్పాడు. ఆ యూనివర్సిటీవాళ్ళు 1995లో వేరే రకం టిప్పింగ్ పోటీ మొదలుపెట్టారు. ఎవరు గెలుస్తారో చెబితే చాలదు, ఎంత నమ్మకంగా చెబుతున్నావో శాతంలో చెప్పాలి!

దాని తూకం చూడండి. 50 శాతం అన్నావా, అంటే 'నాకు తెలీదు' అన్నావా - ఎవరు గెలిచినా నీకు సున్నా. 80 శాతం అని నిజమైతే 0.68 లాభం, తప్పితే 1.32 నష్టం. 99 శాతం అని నిజమైతే 0.99 లాభం, తప్పితే ఏకంగా 5.64 నష్టం! మరి నూటికి నూరు అని తప్పితే? లెక్క ప్రకారం ఆ నష్టానికి అడుగు లేదు. ఎన్ని వారాలు గెలిచినా తిరిగి పైకి రాలేవు.

కాగితం తీసుకుని నా నమ్మకాలు నిజాయితీగా రాశాను. వెస్ట్ కోస్ట్ 80. జీలాంగ్ 60. సిడ్నీ 70. అడిలైడ్ 85. కుర్రాడు లెక్క కట్టాడు. మైనస్ 1.32, ప్లస్ 0.26, మైనస్ 0.74, ప్లస్ 0.77. మొత్తం మైనస్ 1.03.

"నాలుగింటికీ తెలీదు అన్నవాడికి సున్నా," అన్నాడు. "వాడు మీకంటే పైన ఉన్నాడు సార్!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాని ఆ రాత్రి నిద్రపట్టలేదు. కారణం ఫుట్‌బాల్ కాదు.

నూటికి నూరు

అంతకు ముందు ఏడాది సంగతి. మా ఊరి స్నేహితుడొకడు సినిమా పిచ్చితో చిన్న ఏరియాకి బయ్యరు కావాలనుకున్నాడు. ఒక చిత్రం ప్రివ్యూకి నేను వెళ్ళానని తెలిసి ఫోన్ చేశాడు.

"ఎలా ఉందిరా? కొనమంటావా?"

"కళ్ళు మూసుకుని కొను. నూటికి నూరు శాతం."

"ఏమైనా తేడా వస్తే?"

"రాదు. రాసిస్తా!"

వాడు కొన్నాడు. శుక్రవారం ఫర్వాలేదు, శనివారం సగం, సోమవారం కుర్చీలు. రెండో వారానికి బొమ్మ ఎత్తేశారు. వాడి రెండెకరాలు పోయాయి. నన్ను ఒక్క మాటా అనలేదు. "నువ్వు చెప్పావని కాదులేరా, నా ఆశ అలా వినిపించింది," అన్నాడు. ఆ మాట కంటే నాలుగు తిట్టినా బావుండేది.

నిజం చెప్పాలంటే ప్రివ్యూలో నాకే సెకండ్ హాఫ్ మీద అనుమానం ఉంది. నా మనసులో ఉన్నది 65 శాతం. నోటినించి వచ్చింది నూరు. ఆ మిగతా 35 ఎందుకు మింగాను? కాలరు దిగిపోతుందని! మోనాష్ త్రాసులో ఆ నష్టానికి అడుగు లేదన్నారే... అడుగు ఉంది. మా వాడి రెండెకరాల్లో ఉంది.

సినిమా పండితుల గొప్పలు మనకి తెలియనివా? 1975లో 'షోలే' విడుదలైన మొదటి వారాల్లో ట్రేడ్‌వాళ్ళు ఫ్లాప్ అన్నారు. అది బొంబాయి మినర్వాలో అయిదేళ్ళు ఆడింది. 1980లో 'శంకరాభరణం' కొనడానికి బయ్యర్లు వెనకాడారు. తరవాత సంగతి మీకు నేను చెప్పాలా? ఆటలోనూ అంతే. 1970 గ్రాండ్ ఫైనల్‌లో 1,21,696 మంది చూస్తుండగా ఇంటర్వెల్‌కి కాలింగ్‌వుడ్ 44 పాయింట్ల ముందంజ. ఫస్ట్ హాఫ్ సూపర్ హిట్! క్లైమాక్స్‌లో కార్ల్‌టన్ 10 పాయింట్లతో గెలిచింది.

ఇప్పుడు కంప్యూటర్లు వచ్చాయి. మాక్స్ బ్యారీ అనే నవలా రచయిత 'స్క్విగిల్' పేరుతో పలువురి కంప్యూటర్ జోస్యాల్ని ఒకచోట చేర్చి బేరీజు వేస్తున్నాడు. మంచి యంత్రాలకి కూడా పదింటిలో సుమారు ఏడే నిజమవుతాయి. ఆ మిగతా మూడింటికోసమే జనం టికెట్ కొనుక్కుని మైదానానికి వెళతారు!

ఇక్కడ యువ పాఠకులకి ఒక హెచ్చరిక. టిప్పింగ్ వేరు, బెట్టింగ్ వేరు. ఒకటి టీ కప్పుతో పోతుంది, రెండోది ఇంటితో పోతుంది. ఆన్‌లైన్ పందేలమీద తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో, 2025లో కేంద్రం చట్టాలు చేసింది ఊరికే కాదు. 'ష్యూర్ టిప్ బ్రదర్, నూటికి నూరు' అని ఎవడైనా ఫోన్‌లో మెసేజ్ పెడితే వాడు నాకు అన్నగారనుకోండి. నేను స్నేహితుణ్ణి ముంచాను, వాడు ముక్కూమొహం తెలియనివాళ్ళని ముంచుతాడు.

క్లైమాక్స్

తరవాతి వారం బుల్‌డాగ్స్ ఛాంపియన్ హాథార్న్‌ని 23 పాయింట్లతో ఇంటికి పంపారు. ఆపై వారం సిడ్నీ వెళ్ళి జెయింట్స్‌ని 6 పాయింట్లతో గెలిచారు. సరిగ్గా ఒక్క గోల్! పడమటి పేటలో ఇంటింటికీ ఎరుపు, తెలుపు, నీలం జెండాలే. మన సంక్రాంతి రిలీజుకి కటౌట్లు కట్టినట్టు!

అక్టోబరు 1న గ్రాండ్ ఫైనల్. బుల్‌డాగ్స్, సిడ్నీ. అన్నయ్య కాగితం ఇచ్చాడు. ఈసారి నేను కాలరు ముట్టుకోలేదు. "సిడ్నీకి 60," అని రాశాను.

ఆవిడ ఇంట్లో కూచుని టీవీలో చూశాం. 99,981 మందితో మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ కిటకిటలాడుతోంది. ఆఖరి భాగం దాకా నువ్వా నేనా. చివరికి బుల్‌డాగ్స్ 89, సిడ్నీ 67! ఏడో స్థానం నించి వచ్చి కప్పు గెలిచారు.

ఆవిడ అరవలేదు, గెంతలేదు. రెండు చేతులతో మొహం కప్పుకుని చాలాసేపు అలాగే కూచుంది.

కప్పు ఇచ్చేటప్పుడు ఏ కథా రచయితా రాయలేని సీన్ జరిగింది. కెప్టెన్ బాబ్ మర్ఫీ సీజన్ మొదట్లోనే గాయపడి ఆడలేకపోయాడు. కోచ్ లూక్ బెవరిడ్జ్ తన మెడలోని పతకం తీసి, మర్ఫీని వేదిక మీదికి పిలిచి అతని మెడలో వేశాడు. హాల్లో అందరం ఏడ్చాం. తెలుగువాడికి ఆటా అర్థం కావాలా ఏడవడానికి?

నా జోస్యం తప్పింది. మోనాష్ లెక్కలో మైనస్ 0.32. అంత సంతోషంగా నేనెప్పుడూ తప్పలేదు.

ఇప్పటికీ ప్రివ్యూ చూసి వస్తే నలుగురూ చుట్టూ చేరతారు. "టాక్ ఏంటి గురూ?" అంటారు. "అరవై-నలభై," అంటాను. కొందరు చప్పరించి వెళ్ళిపోతారు. పోనివ్వండి. మీరూ ఒక పని చెయ్యండి. ఈ శుక్రవారం విడుదలయ్యే చిత్రానికి మీ శాతం కాగితం మీద రాసి దాచుకోండి. పది వారాలు రాసి, తీసి చూసుకోండి. తప్పినవి కూడా మీకే కనపడతాయి.

మొన్న మా వాడు ఊరినించి ఫోన్ చేశాడు. ఇప్పుడు కిరాణా కొట్టు నడుపుతున్నాడు. సినిమా పిచ్చి మాత్రం పోలేదు.

"ఈ వారం బొమ్మ ఎలా ఉందటరా?"

"అరవై-నలభై రా."

కాసేపు అవతల మాట లేదు. తరవాత నవ్వాడు. "ఆ నలభై కూడా చెప్పడం ఎప్పుడు నేర్చుకున్నావు రా?"

ఎక్కడ నేర్చుకున్నానో చెప్పాను. ఆలస్యంగా నేర్చుకున్నానని వాడు అనలేదు. నేనే అన్నాను.